ఊరగాయ జాడీలో హైడ్రాంజియా

ప్రశ్న: మాది ధర్మవరం. నాలుగేళ్లుగా బెంగళూరు జె.పి. నగర్‌లో మేడమీది వాటాలో అద్దెకు ఉంటున్నాం. కింద ఇంటివారికి చక్కని తోట ఉంది. కావలసినవి కోసుకోమని ఇంటి యజమానురాలు చెప్పారు. నీలం, గులాబీ కలిసిన హైడ్రాంజియా గుత్తులు, మీగడ రంగు గులాబీలు, లేత వంగపండు రంగు చామంతులు, ఫెర్న్ ఆకులు, గోడ పక్కన మాచిపత్రి ఉన్నాయి. శరత్కాలపు తోట కొమ్మలను లేత రంగుల్లో అమర్చిన ఫొటోలు విదేశీ పత్రికల్లో చూసి నేనూ ఒక గాజు కూజాలో ప్రయత్నించాను. దగ్గర నుంచి బాగానే ఉంది. గది అటు చివర నుంచి చూస్తే చాకిరేవులో పదిసార్లు ఉతికిన చీరలా ఉంది. మర్నాటికి హైడ్రాంజియాలు తలలు వేలాడేశాయి. పూలు దేవుడికో తలలోకో గాని కూజాలోకి ఏమిటని మా అత్తగారు అంటున్నారు. దీపావళి తర్వాతి ఆదివారం పదిమంది మధ్యాహ్న భోజనానికి వస్తున్నారు. ఈసారైనా కుదరాలంటే ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చీర పోలిక మీరే తెచ్చారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. గంధం రంగు పట్టుచీరకు గంధం రంగు అంచే వేసి నేస్తే ఎలా ఉంటుందో ధర్మవరంలో పుట్టిన మీకు నేను చెప్పాలా? ఒళ్లో పెట్టుకుని చూసినంతసేపూ ముచ్చటగానే ఉంటుంది. కట్టుకుని పెళ్లి పందిట్లో ఆ చివర నిలబడితే ఏ రంగు చీరో ఎవరికీ ఆనదు. దానికే బెత్తెడు ముదురు కుంకుమ రంగు అంచు వేయనివ్వండి, అప్పుడు కనిపిస్తుంది గంధం. మీ కూజాలో లేనిది ఆ అంచే.

దూరం నుంచి చూసే కన్ను ముందుగా పట్టేది వెలుగునీడల తేడాను. ఏ రంగు అన్నది ఆ తర్వాతి మాట. లేత నీలం, లేత గులాబీ, మీగడ, లేత వంగపండు రంగులు నాలుగు రకాలే గాని, నాలుగూ వెలుతురులో ఒకే మెట్టు మీద కూర్చున్నాయి. నాలుగు అడుగులు వెనక్కి వేయగానే కలిసిపోతాయి. అనుమానంగా ఉంటే అమరికను ఫోనుతో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అంతా ఒకే బూడిద ముద్దగా కనిపిస్తే తప్పు ఎక్కడుందో తేలిపోయినట్టే. ఇప్పటికీ ఇంటికి ఎవరైనా వచ్చే ముందు నేను ఈ పరీక్ష చేస్తాను, సగం సార్లు తప్పుతాను కూడా.

కాబట్టి ముదురు రంగు ఒకటి కావాలి, అదీ కొంచెమే. పది కాడల్లో ఒకటి చాలు. రంగు ఆకుల కోసం పెంచే కోలియస్ మొక్క నుంచి మెరూన్ రంగు రెమ్మలు రెండు, లేదా ఎండిన రక్తం రంగులో ఉండే చామంతి ఒకటి. తోటలో లేకపోతే గాంధీ బజార్ పూల అంగళ్ల దగ్గర దొరుకుతుంది. చామంతి అనకుండా సేవంతిగె అనండి, బేరం కొంచెం సులువవుతుంది. తెలుపు మాత్రం వద్దు. లేత రంగుల మధ్య తెల్లని తెలుపు మెత్తగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది ట్యూబ్‌లైటులా అక్కడొక్కటే వెలిగి, పక్కనున్న మీగడ రంగును మాసిపోయినట్టు చేస్తుంది. మీ గులాబీలు మీగడ రంగువి కావడం మీ అదృష్టం.

ఇక మాచిపత్రి. ఆ మొక్క పేరు మీ జాబులో చివరిగా, మొక్కుబడిగా వచ్చింది. నేనైతే దానితోనే మొదలుపెడతాను. వినాయకచవితి నాడు ఇరవై ఒక్క పత్రాల్లో మొదట పలికే పేరు మాచీపత్రం. ఆ పూట పీటమీద కుప్పలో పడిపోతుంది గనుక ఎవరూ దాని అందం చూడరు. ఆకు పైన మసక పచ్చ, తిప్పి చూస్తే వెండి బూడిద. ఆ బూడిద పచ్చ పక్కన పెడితే ఏ లేత రంగైనా నిలుస్తుంది. గులాబీల పక్కన ముదురు పచ్చగా నిగనిగలాడే ఆకులు పెట్టి చూడండి, పువ్వు పాలిపోతుంది. మాచిపత్రి పెట్టండి, అదే పువ్వుకు ఒంట్లో రక్తం ఎక్కుతుంది. మీ అమరికలో సగం ఇదే ఉండాలి. దవనం దొరికితే అదీ కలపండి, రంగుకు రంగు, వాసనకు వాసన.

విదేశీ ఫొటోల గురించి ఒక మాట. అక్కడ పగళ్లు కురచబడి చలి ముదిరేసరికి ఆకులు పండి రాలతాయి. ఆ ఎండుటాకులు, ఆ ముళ్లపండ్లు మన దగ్గర వెతకడం వృథా. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు నెలలు గట్టి వానల కాలం. ఇక్కడి శరత్తులో తోట ఎండదు, తడిసి, ఏపుగా పెరిగి, గింజ కడుతుంది. కోసుకోవలసినది ఆ గింజకట్టిన సరుకే. సబ్జా వెన్నులు, గడ్డి కంకులు, చెరువు గట్టున కనిపించే రెల్లు. రెల్లును పూర్తిగా విచ్చకముందే కోయాలి, లేకపోతే మీ అన్నంలోకి దూది ఎగురుతుంది. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే నాలుగు గునుగు కాడలు తెమ్మనండి. తెలంగాణలో బతుకమ్మకు పేర్చే గునుగు. కొస గులాబీ, కిందికి పోనుపోను వెండి తెలుపు. నీళ్లు లేకున్నా నెలల తరబడి అలాగే ఉంటుంది. లేత రంగు పూలు కావాలని ఊరంతా తిరిగే మనం చేలో కలుపు మొక్కగా దాన్ని పీకి పారేస్తున్నాం.

మీ అసలు కష్టం హైడ్రాంజియా కాబట్టి దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఆ పేరు గ్రీకు మాటల్లోంచి వచ్చింది, నీళ్ల పాత్ర అని అర్థం. గింజల కాయ ఆకారాన్ని బట్టి పెట్టారు గాని, దాని దాహానికి కూడా సరిపోయింది. మనం రేకులనుకునేవి నిజానికి రేకులు కావు, రంగు పట్టిన రక్షక పత్రాలు. ఒక్కో గుత్తిలో అవి వందల సంఖ్యలో ఉంటాయి. అంత పరపు మీదుగా నీరు ఆవిరైపోతుంటే, సన్నని కాడ ఒక్కటి దాన్ని పూడ్చాలి. కాడ కొసలో చిన్న గాలిబుడగ అడ్డుపడినా, కోసినప్పుడు కారే జిగురు పేరుకున్నా, తల వాలిపోతుంది.

మా అమ్మాయి నిశ్చితార్థం పదకొండు గంటలకు. ఎనిమిదింటికి హాల్లోకి వచ్చి చూస్తే రాత్రి అమర్చిన నాలుగు గుత్తులూ ముఖాలు కిందికి వేసుకున్నాయి, ఏడ్చి పడుకున్న పిల్లల్లాగా. చేతిలోకి తీసుకుంటే తడిగుడ్డలా మెత్తగా ఉన్నాయి. ఏం చేయాలో తోచక, స్నానాల గది బకెట్టులో నిండా చన్నీళ్లు పట్టి, కాడల కొసలు కత్తిరించి, గుత్తులను తలలతో సహా ముంచేశాను. పైకి తేలకుండా ఒక స్టీలు పళ్లెం బోర్లించాను. పది గంటలకు పళ్లెం తీస్తే గట్టిగా, కోసిన నాటికంటే గట్టిగా ఉన్నాయి. మంత్రమేమీ లేదు. హైడ్రాంజియా తన రంగు పత్రాల గుండా కూడా నీరు తాగగలదు. చాలా పూలకు ఈ విద్య లేదు, గులాబీని ముంచితే మచ్చలు పడతాయి. దులిపి, నీరు ఓడ్చి, మళ్లీ జాడీలో పెట్టాను. మా వియ్యపురాలు అవి ప్లాస్టిక్ పూలా అని గిల్లి చూశారు.

అంత దూరం రాకుండా ఉండాలంటే గుత్తిని ఎంచుకోవడంలోనే ఉంది. కొత్తగా విచ్చిన గుత్తి త్వరగా వాలుతుంది. చెట్టు మీదే వారాల తరబడి ఉండి, నీలంలోకి పచ్చ దిగి, గులాబీ అంచులకు ఇటుక రంగు పాకి, చేత్తో తాకితే పలుచని కాగితంలా గరగరలాడే గుత్తిని కోయండి. అది వాలదు. మీరు వెతుకుతున్న శరత్కాలపు రంగు కూడా అదే. పూలకొట్లలో దొరకడం అరుదు, ఎందుకంటే కొట్లో తాజా పువ్వుకే ధర. తోట దగ్గరున్నవారికే ఆ భాగ్యం. కాడను కోసిన వెంటనే అక్కడికక్కడే నీళ్లలో దించండి. మేడ మెట్లు ఎక్కేలోగా ఆరిపోయే కొస చాలు, పని చెడడానికి. కొసకు పటిక పొడి అద్దడం పూలపని చేసేవారి పాత అలవాటు, కిరాణా కొట్లో పటిక ముక్క కొని దంచుకుంటే సరి.

ఇంకొకటి, తోట మీది కాదు. హైడ్రాంజియాలో చాలా రకాలకు వచ్చే ఏటి పూలు ఈ ఏటి కొమ్మల మీది మొగ్గల్లోంచే వస్తాయి. పొడుగు కాడ కావాలని మూరెడు కోస్తే, వచ్చే ఏడు ఆ కొమ్మకు పువ్వుండదు. గుత్తి కింద మొదట కనిపించే లావుపాటి జంట మొగ్గలకు కొంచెం పైన కోసి ఆపండి. కాడ పొట్టిదైనా ఫరవాలేదు, దాన్ని జాడీ మూతి దగ్గరే కూర్చోబెడతాం.

శనివారం సాయంత్రం ఎండ తగ్గాక కోయండి. వాన కురిసి ఉంటే పూలను తలకిందులు చేసి బాగా దులపండి; రేకుల మధ్య నీరు నిలిస్తే బూడిద బూజు పడుతుంది. గులాబీలు సగం విచ్చినవి, చామంతులు పూర్తిగా విచ్చినవి. చామంతి మొగ్గగా కోస్తే కూజాలో అలాగే మొండికేస్తుంది. నీళ్లలో మునిగే ఆకులన్నీ గిల్లేసి, రాత్రంతా బకెట్టులో మెడదాకా నీళ్లలో, ఫ్యాను లేని చీకటి గదిలో ఉంచండి. ఫ్యాను గాలి మన ఇళ్లలో పూలకు మొదటి శత్రువు. రెండో శత్రువు అరటిపండు. పండే పండు నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, అది పూలను త్వరగా ముసలివాటిని చేస్తుంది. కార్తీకమాసం కదా, పూజకు తెచ్చిన అరటి అత్తం ఆ గదిలోనే పెట్టేరు. అగరుబత్తి పొగ కూడా పూలకు పడదు.

నీళ్ల విషయంలో బెంగళూరువాళ్లకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. మీ ఇంట్లో బోరు నీళ్లను మెత్తబరిచే యంత్రం ఉంటే ఆ నీళ్లు పూలకు పోయకండి. అది నీటిలోని సున్నాన్ని తీసి సోడియంను వదులుతుంది, గులాబీలు ముఖ్యంగా తట్టుకోలేవు. వంటకు వాడే నీళ్లు పోయండి. లీటరుకు ఒక చెంచా పంచదార, రెండు చెంచాల నిమ్మరసం, నాలుగైదు చుక్కల బ్లీచింగ్ ద్రావణం. పంచదార పువ్వుకు తిండి, కాని సూక్ష్మజీవులకూ అదే తిండి, అందుకని ఆ చుక్కలు. రెండు రోజులకొకసారి నీళ్లు మార్చి, కాడలు వేలి గోరంత కత్తిరించండి. ఆస్ప్రిన్ బిళ్ల, రాగి నాణెం లాంటి చిట్కాలతో కాలం పాడు చేసుకోకండి.

గాజు కూజాను ఈసారి పక్కన పెట్టండి. లేత పూల కింద గాజు ఉంటే కాడలు, ముడతలు, మురికి అన్నీ కనబడి కన్ను కిందికే పోతుంది. మీ అత్తగారి ఊరగాయ జాడీ అడగండి, ఆ మీగడ రంగు ఒళ్లు, భుజాల మీద తేనె రంగు పట్టీ ఉన్నది. ఈ పూలకు దానికంటే తగిన పాత్ర కొన్నా దొరకదు. ఎంత కడిగినా పాత జాడీలో ఉప్పు ఊరుతుంది, ఉప్పు పూలకు విషం. కాబట్టి లోపల ఒక స్టీలు గ్లాసో సీసానో దించి అందులో నీళ్లు పోయండి. రాగి చెంబు వాడదామనిపిస్తే మాత్రం నిమ్మరసం కలిపిన నీళ్లు దానిలో వద్దు, చిలుము పడుతుంది. గ్లాసు మూతి మీద పారదర్శకమైన టేపును అడ్డంగా మూడు, నిలువుగా మూడు అంటిస్తే గళ్లు ఏర్పడతాయి, ఏ కాడ ఎక్కడ పెడితే అక్కడే నిలుస్తుంది. పూలకొట్లలో వాడే పచ్చ స్పాంజి వద్దు. అది ప్లాస్టిక్కే, పొడి పొడిగా రాలి మట్టిలో కలవక మిగులుతుంది.

ముందు మాచిపత్రి. ఎత్తైన రెమ్మ జాడీ ఎత్తుకు ఒకటిన్నర రెట్లు, అది నడిమధ్యన కాకుండా కొంచెం ఎడమకు. ఇంకొకటి కుడివైపు కిందికి వంగి, జాడీ భుజం మీద చేయి వేసినట్టుగా. ఆ రెండింటితోనే ఆకారం వచ్చేసింది, మిగతాదంతా నింపడమే. హైడ్రాంజియాలు రెండు చాలు. మూతికి ఆనించి, ఒకటి ముందుకు చూస్తూ, ఒకటి పక్కకు తిరిగి. రెండూ ముందుకే చూస్తే ఫొటోకు నిలబడ్డ పెళ్లివారిలా ఉంటాయి. గులాబీలు మూడు వేర్వేరు ఎత్తుల్లో, గుత్తుల్లోంచి తొంగిచూస్తూ. చామంతులను ఒక్కొక్కటిగా చల్లకండి, నాలుగింటిని ఒకేచోట గుంపుగా పెట్టండి. లేత రంగు చుక్కలు చుక్కలుగా ఉంటే కనబడదు, ఒకచోట పోగైతే రంగు అనిపించుకుంటుంది. కోలియస్‌ను గులాబీల వెనక, లోతుగా, నీడలో. గడ్డి కంకులు, సబ్జా వెన్నులు అన్నిటికంటే చివర, గాలి ఆడే చోట. అప్పుడు ఒక పువ్వు తీసేయండి. ఏది అని అడగకండి, తీయాలనిపించని పువ్వే సాధారణంగా ఎక్కువైన పువ్వు.

పదిమందికి వడ్డించే బల్ల మీద దీనికి చోటుండదు, సాంబారు గిన్నెకే చోటుండదు. కిటికీ పక్కన ఎత్తు పీట మీద, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టండి. మధ్యాహ్నం కాబట్టి పగటి వెలుతురులో నీలాలు, వంగపండు రంగులు బాగా పలుకుతాయి. అదే రాత్రి భోజనమైతే పసుపు బల్బుల కింద నీలం బూడిదైపోతుంది, అప్పుడు మీగడ, పీచు రంగులకే ఓటు వేస్తాను. పీచు రంగంటే గుర్తొచ్చింది: బెంగళూరు తోటల్లో తలకిందులు బూరల్లా వేలాడే ఉమ్మెత్త జాతి పూలు ఆ రంగులో మహా ఊరిస్తాయి. ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. గన్నేరూ అంతే. పిల్లలు తిరిగే ఇంట్లోకి తేవద్దు. హైడ్రాంజియా కూడా తినేది కాదు, దాని రేకులు తుంచి మిఠాయి పళ్లెంలో అలంకరించకండి.

ఇక అత్తగారు. ఆవిడ మాటలో కొంత న్యాయం ఉంది. మన ఇళ్లలో పువ్వుకు ఒక పని ఉండాలి. ఊరికే నిలబడి చూపించుకోవడం దాని పని కాదని ఆ తరం లెక్క. వాదించకండి. సంక్రాంతికి గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు గుచ్చుతారా అని అడగండి. పేడముద్దలో కాడ గుచ్చితే పువ్వు తడి ఆరకుండా, పడిపోకుండా నిటారుగా నిలుస్తుంది. జపాన్‌వాళ్లు పూల అమరికకు వాడే మేకుల పళ్లెం చేసే పని కూడా అదే. ఆవిడ చేతికి ఈ విద్య పాతదే, మీకే కొత్త. కోసిన పూలలో మొదటి గులాబీ దేవుడికి పెట్టి, మాచిపత్రి ఎంత పొడుగు ఉంచాలో ఆవిడనే చెప్పమనండి. మా అత్తగారు మొదటి నెల మాట్లాడలేదు. రెండో నెల జాడీ దగ్గరకు వెళ్లి ఎవరూ చూడకుండా ఒక కాడ సర్దడం నేను వంటింట్లోంచి చూశాను. సర్దింది సరైన చోటే.

అతిథులు వెళ్లాక గులాబీలు, చామంతులు వాటి రోజులు వాటికి అయ్యాక తీసేయండి. హైడ్రాంజియాలను మాత్రం గ్లాసులో రెండు వేళ్ల నీళ్లలో వదిలేసి మళ్లీ పోయకండి. నీళ్లు ఇంకేసరికి అవీ నిలబడినట్టే ఎండుతాయి, గునుగుతో కలిపి ఉగాది దాకా వస్తాయి. ఆవకాయ కలిపే వేళకు జాడీని తోమి, ఎండబెట్టి ఆవిడకు ఇచ్చేయండి.